అమెరికా కారు బాగుపడింది సరే, మన ఆటోనగర్ సంగతేంటి?

అమెరికా కార్ల గురించి మన డెల్టాలో రెండు మాటలు వినపడతా ఉంటాయి. చాలాసార్లు రెండూ ఒకే ఇంట్లో వినపడతాయి. డల్లాస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉన్న పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చిన పెద్దోళ్ళు ‘అబ్బ, అక్కడ బండ్లు ఎట్టా పోతాయో, లోపల కూర్చుంటే కదిలినట్టే ఉండదు’ అంటారు. అదే ఇంట్లో ఇక్కడ కారు కొనే మాట వచ్చేసరికి ‘అమెరికా కంపెనీదా? వద్దులే, ఏ రోజు దుకాణం కట్టేస్తాడో’ అంటారు.

నా లెక్కలో రెండు మాటలూ నిజమే. బండి మంచిదవడం వేరు, ఆ బండి మీద నమ్మకం కుదరడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న సందులోనే మన ఆటోనగర్ మేస్త్రీల పని ఉంది. చిత్రంగా, కైకలూరు రొయ్యల చెరువుల సంగతి కూడా అక్కడే ఉంది. ఎట్టాగో చెప్తా.

ముందు బండి సంగతి చూద్దాం. ఒకప్పుడు అమెరికా కార్లకి అమెరికాలోనే పరువు పోయింది. 1970ల్లో ఫోర్డు పింటో అనే కారుని వెనక నుంచి గుద్దితే పెట్రోలు ట్యాంకు పగిలి మంటలు లేస్తన్నాయని గొడవైంది, 1978లో ఆ బండ్లని వెనక్కి పిలిపించాల్సొచ్చింది. అదే కాలంలో వచ్చిన షెవర్లె వేగా తుప్పుకి పేరు పడింది. పెట్రోలు రేటు ఎక్కింది, చిన్న బండ్లతో జపాన్ వాళ్ళు దిగారు, అమెరికా జనమే సొంత కంపెనీల్ని వదిలేసి టయోటా, హోండా కొన్నారు. ఆ దెబ్బ 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా కోర్టు మెట్లెక్కేదాకా పోయింది.

మరి బాగుపడింది ఎట్టా? దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఫ్రీమాంట్. కాలిఫోర్నియాలో మన తెలుగోళ్ళు బాగా ఉండే ఊరు. అక్కడ జనరల్ మోటార్స్‌కి ఒక ఫ్యాక్టరీ ఉండేది. పనికి ఎవరొస్తారో ఎవరు రారో తెలీదు, మేనేజ్‌మెంటుకీ యూనియన్‌కీ రోజూ తగువే, బయటికొచ్చే బండ్లు తప్పుల తడక. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి నుమ్మీ అనే పేరుతో మళ్ళీ తెరిచారు. కొత్త కార్మికుల్ని వెతకలేదు, ఎక్కువమంది పాతోళ్ళనే తీసుకున్నారు, యూనియన్నీ ఉంచారు. కొందర్ని జపాన్ పంపించి పని చూపించారు. మారిందల్లా పద్ధతి. లైన్ మీద తప్పు కనపడితే కార్మికుడే తాడు లాగి లైన్ ఆపొచ్చు. అంతకు ముందు లైన్ ఆపితే తిట్లు పడేయి, అందుకే తప్పుని అట్టాగే ముందుకి తోసేసేవాళ్ళు. ఇప్పుడు తప్పుని అక్కడికక్కడే సరిచేస్తన్నారు. కొద్ది కాలానికే అక్కడి బండ్లు జపాన్ ఫ్యాక్టరీ బండ్లకి దీటుగా రావడం మొదలైంది.

అదే మనుషులు, అదే షెడ్డు, బండి మాత్రం వేరు. ‘మనోళ్ళ చేతికి పనితనం లేదు’ అనేవాళ్ళకి ఇదొక్కటి చెప్తే చాలు. ఆ ఫ్యాక్టరీ 2010లో మూతపడి టెస్లా చేతికొచ్చింది. ఇయ్యాల టెస్లా కార్లు ఆ గోడల మధ్యనుంచే వస్తన్నాయి.

అట్టాగని అమెరికా బండ్లన్నీ ఒక్కసారే మేలిమి బంగారం అయిపోయాయని నేను అనను. 2025లో ఫోర్డు ఒక్క ఏడాదిలో ఎక్కువ రీకాల్‌లు ప్రకటించిన కంపెనీగా పాత రికార్డుని దాటేసింది. కానీ 1970ల తుప్పు బండికీ ఇప్పటి బండికీ పోలికే లేదన్నది నిజం. ఇంజనూ, భద్రతా, ఎలక్ట్రిక్ టెక్నాలజీ, ఏది చూసినా అమెరికాలో తయారయ్యే కారు ఇయ్యాల సిగ్గుపడాల్సిన సరుకేం కాదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. అసలు ‘అమెరికా కారు’ అంటే ఏంటి? మన పిల్లలు అక్కడ నడిపే టయోటా క్యామ్రీ కెంటకీ రాష్ట్రంలో తయారవుద్ది. హోండా అకార్డుని 1982 నుంచి ఒహాయోలో చేస్తన్నారు. పేరు జపాన్‌ది, పని అమెరికాది. ఇటు 2025 జులైలో టెస్లా ముంబైలో షోరూం తెరిచింది. మోడల్ వై రేటు దాదాపు 60 లక్షలు. పేరు అమెరికాది, బండి మాత్రం చైనాలో షాంఘై ఫ్యాక్టరీ నుంచి ఓడెక్కి వచ్చింది. ఇంకా తమాషా, 2018 నుంచి కొన్నేళ్ళు ఫోర్డువాళ్ళు అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్ట్ మన చెన్నై పక్కన మరైమలై నగర్‌లో తయారైంది. తెలుగు, తమిళ పిల్లలు బిగించిన బండి అమెరికా షోరూంలో నిలబడిందన్నమాట. ఒకప్పుడు మన ట్రావెల్స్‌వాళ్ళు పెళ్ళిళ్ళకి, తిరుపతి ప్రయాణాలకి తెగ తిప్పిన షెవర్లె తవేరా కూడా అసలు పుట్టుకలో జపాన్ ఇసుజు బండే.

కాబట్టి జెండా చూసి బండిని లెక్కగట్టే రోజులు పోయాయి. పద్ధతి ఎవరు నేర్చుకుంటే వాళ్ళ చేతిలో మంచి బండి తయారవుద్ది. అనంతపురం వైపు పెనుకొండలో కియా 2019లో మొదలెట్టింది. వానలు కురవని నేల మీద మన పిల్లలు చేసిన సెల్టోస్ ఇయ్యాల బందరు రోడ్డు నిండా ఉంది. ఫ్రీమాంట్ పాఠం మన రాష్ట్రంలోనే రుజువైంది.

మరి ఇంత బాగుపడిన అమెరికా కంపెనీ అంటే మన డెల్టాకి ఎందుకు భయం? కారణం రోడ్డు మీద కనపడుద్ది.

బెజవాడలో కారు కొనేవాడు కొన్న రోజే అమ్మే రోజు గురించి కూడా ఆలోచిస్తాడు. పంట బాగా వచ్చిన ఏడాది కొన్న బండి, కూతురి పెళ్ళికో కొడుకు చదువుకో అమ్మాల్సిరావచ్చు. కారు మనకి సరదా ఒక్కటే కాదు, బీరువాలో బంగారం లాగా ఒక ఆసరా కూడా. కంపెనీ వెళ్ళిపోతే ఆ ఆసరాకి చిల్లు పడినట్టే. షెవర్లె 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డు 1995లో మహీంద్రాతో కలిసి వచ్చి, ఐకాన్, ఫిగో, ఎకోస్పోర్ట్, ఎండీవర్ అంటా పాతికేళ్ళు ఉండి, 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తన్నామని చెప్పింది. సర్వీసు, స్పేర్ పార్టులు ఇస్తానే ఉంటామని చెప్పింది కూడా. గుజరాత్‌లో సానంద్ ఫ్యాక్టరీ టాటావాళ్ళకి పోయింది. చెన్నై ఫ్యాక్టరీని ఎగుమతుల కోసం మళ్ళీ వాడతామని 2024లో తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చింది. ఎగుమతుల కోసం అన్న మాట గమనించండి. మనకి అమ్మడం కోసమని ఆ లేఖలో లేదు.

ఎండీవర్ ఉన్నోళ్ళని అడగండి, బండిని ఒక్క మాట అననివ్వరు. ఎకోస్పోర్ట్ నడిపినోళ్ళూ అంతే. బండ్ల మీద ఎవరికీ కోపం లేదు. మంచి బండి ఇచ్చి మనిషి మాయమైపోయాడే అన్నదే బాధ.

దీనికి ఎదురుగా ఇంకో లెక్క పెట్టి చూడండి. 1954 నుంచి 1969 దాకా టాటావాళ్ళు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు చేశారు. ఆ పదిహేనేళ్ళలో పని నేర్చుకున్నారు, తర్వాత సొంతంగా చేసుకున్నారు. జనం నోట్లో ‘టాటా బెంజి’ అన్న మాట ఎంతగా నాటుకుందంటే, బెంజి అన్న పేరు బెజవాడ నడిబొడ్డున కూడలికి ఉండిపోయింది. జీపు సంగతీ అంతే. అమెరికా విల్లీస్ జీపుల్ని 1947 నుంచి మహీంద్రావాళ్ళు ముక్కలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలెట్టారు. రానురానూ ఆ బండి మన చేతికొచ్చేసింది. కాలవ గట్టు మీద, బురదలో, ఎలక్షన్ ప్రచారంలో తిరిగి తిరిగి జీపు తెలుగు మాటైపోయింది. విరిగితే ఏ మేస్త్రీ అయినా బాగుచేసేవాడు, అందుకే నిలబడింది.

1960ల్లో మొదలైన మన ఆటోనగర్ బతుకంతా ఆ ఒక్క సూత్రం మీదే నడిచింది. టింకరింగ్, పెయింటింగ్, లారీ బాడీ బిల్డింగ్, ఇంజను పని, గుజిరీ కొట్లు, బోల్టు దగ్గర్నుంచి గేరు బాక్సు దాకా అన్నీ అక్కడే. బండి విప్పితే తెలిసే బండి కాబట్టి, బళ్ళో చదువుకోని కుర్రాడు కూడా గురువు పక్కన నాలుగేళ్ళు ఉంటే మేస్త్రీ అయ్యాడు. ఇప్పుడొచ్చే బండి విప్పితే తెలిసేది కాదు. అది చక్రాల మీద కంప్యూటర్. తాళం సాఫ్ట్‌వేర్‌లో ఉంటది, ఆ తాళం చెవి కంపెనీ దగ్గరుంటది. కంపెనీ ఉన్నన్నాళ్ళు సరే. వెళ్ళిపోతే బండికి డబ్బులు పెట్టినోడూ, దాన్ని బాగుచేసి బతికేవాడూ ఇద్దరూ రోడ్డున పడతారు.

ఇప్పుడు రొయ్యల దగ్గరికొద్దాం. పూర్తిగా తయారై వచ్చే విదేశీ కారు మీద 2025 బడ్జెట్ తర్వాత మన సుంకం, సెస్సు కలిపి 70 నుంచి 110 శాతం దాకా ఉంది. ఇండియాలో కారు అమ్మడం దాదాపు కుదరని పని అని ట్రంప్ ఆ ఫిబ్రవరిలోనే అన్నాడు. అదే ఏడాది ఆగస్టులో మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి ఎక్కించాడు. రొయ్యకైతే పాత సుంకాలు కలిపి ఇంకా ఎక్కువ పడింది. మన రొయ్యకి పెద్ద బేరగాడు అమెరికానే, దేశంలో ఎక్కువ రొయ్య పండించేది ఆంధ్రానే. కలిదిండి, ముదినేపల్లి, నాగాయలంక చెరువు గట్ల మీద కౌంటు రేట్లు ఎట్టా కుదేలయ్యాయో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. సుంకాలు ఎక్కుతాయి, దిగుతాయి. కానీ ఒకటి తేలిపోయింది. ఢిల్లీ, వాషింగ్టన్ బేరం బల్ల మీద వాళ్ళ కారూ మన రొయ్యా పక్కపక్కనే ఉన్నాయి.

కారు మీద సుంకం తగ్గిస్తే మన కొంప మునుగుద్దా? నాకైతే అట్టా అనిపించట్లేదు. పది, పదిహేను లక్షల కియాకీ, మారుతీకీ అరవై లక్షల బండి పోటీ కాదు. అక్కడ బాగా అమ్ముడయ్యే పెద్ద పికప్పులు మన కాలవ గట్ల మీద మలుపు కూడా తిరగవు, పైగా స్టీరింగ్ ఎడమ పక్కన. కారు మీద కొంత వదులుకుని చెరువు రైతుకి ఊపిరి పోయగలిగితే డెల్టా మనిషిగా నేను ఒప్పుకుంటా. కానీ ఉత్తినే వదులుకోవద్దు. బేరంలో మూడు మాటలు రాయించుకోవాలి.

ఒకటి, ఇక్కడ బండి అమ్మిన కంపెనీ ఉన్నా వెళ్ళినా, ఆఖరి బండి అమ్మిన రోజు నుంచి కనీసం పదిహేనేళ్ళు స్పేర్ పార్టులు దొరకాలి. షోకి ఇచ్చే మాట చాలదు, చట్టంలో ఉండాలి, తప్పితే జరిమానా పడాలి.

రెండు, బండి రోగం చెప్పే సాఫ్ట్‌వేరూ, పరికరాలూ సరైన ధరకి బయట మేస్త్రీలకి కూడా ఇవ్వాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలోనే మాసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో జనం ఓటేసి మరీ కార్ల రిపేరు హక్కు చట్టం తెచ్చుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ పెట్టింది, బండ్లు కూడా అందులో ఉన్నాయి. పోర్టల్‌తో బోల్టు ఊడదు, చట్టం కావాలి. వాళ్ళ జనానికి ఉన్న హక్కు మన జనానికీ ఇవ్వమంటే అమెరికా కంపెనీ కాదనడానికి నోరెట్టా వచ్చుద్ది?

మూడు, ఓడల్లో బండ్లు దించడంతో ఆగకుండా ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టేవాడికే పెద్ద రాయితీ ఇవ్వాలి. హనుమాన్ జంక్షన్ దగ్గర మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ 2025 మార్చిలో మొదలైంది. పిల్లలు అక్కడ నేర్చుకునే పని రేపు కంపెనీ ఉన్నా లేకపోయినా వాళ్ళ చేతిలో ఉంటది.

ఈ మూడింటికీ మన ఎంపీలు గొంతు విప్పాలి. రొయ్య రైతు సంఘాలూ, ఆటోనగర్ మేస్త్రీల సంఘాలూ ఇప్పటిదాకా ఎవరి గోల వాళ్ళది. ఇద్దరి కాగితం ఒకే ఫైల్లో ఉందని తెలుసుకుని కలిసి అడిగితే మాటకి బరువొస్తది.

అమెరికా కారు బాగుపడిందంటే అక్కడ కార్మికుడికి తాడు లాగి లైన్ ఆపే హక్కు ఇచ్చారు కాబట్టి బాగుపడింది. మన మేస్త్రీకి బానెట్ ఎత్తి బండిని చదివే హక్కు ఇవ్వమనండి. అప్పుడు ఏ దేశం బండైనా రానివ్వండి, ఆటోనగర్ చూసుకుంటది.