పిల్లోణ్ణి ఆలస్యంగా తెచ్చింది ఎవరు?

ఆసుపత్రుల్లో మనవాళ్లు తరచూ పడే మాట ఒకటుంది. "ఇంతసేపు ఏం చేస్తున్నారు? ఇట్లా అయ్యేదాకా పిల్లోణ్ణి ఇంట్లో పెట్టుకుంటారా?" అడిగేది డాక్టరు కావచ్చు, నర్సు కావచ్చు, చీటీ రాసే గుమాస్తా కావచ్చు. తలవంచుకుని నిలబడేది మాత్రం ఎప్పుడూ వీళ్లే: కూలికి పోయే తల్లి, కౌలు చేసే తండ్రి, కొడుకూ కోడలూ బెంగుళూరు పోతే మనవణ్ణి సాకుతున్న అవ్వ. ఆస్తిపరుడి ఇంటి బిడ్డకు ఈ ప్రశ్న రాదు. వాళ్ల వాకిట్లో కారుంటుంది, ఫోనులో డాక్టరు నెంబరుంటుంది. మనం జవాబు చెప్పకుండా నిలబడినన్నాళ్లూ కేసు కాగితం మీద తప్పు మనదే అవుతుంది.

కుందుర్పి నుంచి కల్యాణదుర్గానికి 30 కిలోమీటర్ల పైమాటే. అక్కణ్ణించి అనంతపురం పెద్దాసుపత్రికి ఇంకో 60. ఇది మండల కేంద్రం నుంచి లెక్క, సరిహద్దు పల్లెలవాళ్లు మరికొంత కలుపుకోవాలి. దూరం అందరికీ ఒకటే కదా అంటారు అధికారులు. ఒకటి కాదు. బండి ఉన్నోడికి అది ప్రయాణం. బండి లేనోడు ముందు బండి వెతకాలి, బాడుగ మాట్లాడాలి, బాడుగకు డబ్బు పుట్టించాలి. రాత్రి పదకొండు గంటలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడి తలుపు కొట్టాలి. బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే "పొద్దున్నే చూద్దాంలే" అని తల్లి అంటుందంటే, ఆమెకు ప్రేమ తక్కువై కాదు. రేపటి కూలి పోతే ఎల్లుండి పొయ్యి వెలగదని ఆమెకు తెలుసు.

కట్లపామునే తీసుకోండి. అది ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు కనపడదు, ఒక్కోసారి కాటు గుర్తే దొరకదు. తెల్లవారుజామున పిల్లోడు కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. (ఈ గుర్తులు కనపడితే కాటు కోసం వెతుకుతూ కూచోకండి, వెంటనే బయల్దేరండి.) ఇప్పుడు చెప్పండి, నేల మీద పడుకునే పిల్లలు ఎవరి పిల్లలు? మంచం, దోమతెర ఉన్న ఇల్లు ఎవరిది? పాముకు కులం, భూమి తెలియకపోవచ్చు. అది కరిచే తావును మాత్రం మన పేదరికమే ఏర్పాటు చేస్తోంది.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా కట్టారు. అందులో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలు. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఎక్కువ మంది పల్లెల్లోనే, ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు. గడప తొక్కనివాళ్ల లెక్క ఆసుపత్రి రిజిస్టరులో ఉండదు. రిజిస్టరు చూసి "కేసులు తక్కువే, మందు ఎక్కువ నిల్వ అక్కర్లేదు" అంటారు. మందు లేదని జనం రారు. జనం రారని మందు పెట్టరు.

మంత్రగాడి దగ్గరికి పోతారని మన మీద ఇంకో నింద. పోతున్నారు, నిజమే. అది ప్రాణం తీసే పని, మన సంఘం సభ్యులే ఊరూరా దాన్ని ఆపాలి, ఇందులో మొహమాటం వద్దు. కానీ మంత్రగాడు ఎందుకు గెలుస్తున్నాడో కూడా చూడాలి. అతను అర్ధరాత్రి ఊళ్లోనే ఉంటాడు. కార్డు అడగడు, "అవతల కూచో" అనడు, మన మాటే మాట్లాడతాడు. ప్రభుత్వ వైద్యం అంత దగ్గరగా వస్తే మంత్రానికి గిరాకీ దానంతటదే పోతుంది. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో ఉండి డాక్టర్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే చవక మాత్రతో తేలు కాటు పిల్లల్ని బతికించి ప్రపంచానికి చూపించాడు. మన రాళ్ల చేలల్లో తేళ్లకు కొదువ లేదు. కావాల్సింది మాత్ర, ఆ మాత్ర వాడటం తెలిసిన మనిషి రాత్రిపూట కూడా ఉండటం.

ఇక వలస సంగతి. వేరుశనగ ఎండిపోయిన ఏడాది మన పల్లెల్లో ముసలోళ్లు, పిల్లలే మిగులుతారు. రాత్రి పిల్లకు ఫిట్స్ వస్తే అవ్వ ఏం చేయాలి? ఆధార్ కార్డు తల్లి దగ్గర, డబ్బు తండ్రి దగ్గర, వాళ్లిద్దరూ బెంగుళూరులో ఏదో కట్టడం కింద రేకుల షెడ్డులో. ఆసుపత్రిలో సంతకం పెట్టమంటారు, అవ్వకు వేలిముద్రే. ఏ మందు పడదో, ముందు ఏ జబ్బు చేసిందో చెప్పమంటారు. చదువుకున్న తండ్రి అయితే ఫైలు తెస్తాడు, నిలదీస్తాడు, పెద్దాసుపత్రికి పంపండి అంటాడు. అవ్వ చెప్పినచోట కూచుంటుంది. ఒకే జబ్బు, ఒకే వార్డు, ఇద్దరు పిల్లలకూ అందేది మాత్రం ఒకటి కాదు.

పురుగుమందు కేసుల్లో ఇంకో భయం, పోలీసు కేసు. కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టిన మందును పిల్లోడు తాగితే, కేసవుతుందని కొందరు తల్లిదండ్రులు జంకుతారు, అదే కారణం చెప్పి కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు పక్కకు తప్పుకుంటాయి. చట్టం అట్లా లేదు. ప్రాణాపాయంలో వచ్చినవారికి ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని, ఇది ప్రైవేటు డాక్టరుకూ వర్తిస్తుందని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో ఇంకో తీర్పు వచ్చింది. దాన్ని తెచ్చింది మనలాంటివాళ్లే, పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన వారి సభ్యుణ్ణి ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి బెడ్లు లేవని తిప్పి పంపాయి. అది జీవించే హక్కును కాలరాయడమేనని, డబ్బు లేదనే సాకుతో ప్రభుత్వం తప్పించుకోలేదని కోర్టు తేల్చి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. కూలీల సంఘం సాధించిన హక్కు ఇది. మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు?

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007 ఏప్రిల్‌లో అది మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. దానివల్ల ప్రాణాలు నిలిచాయి, కాదనం. అప్పటినుంచి పథకం పేరు మూడుసార్లు మారింది. కానీ ఊరి నుంచి ఆసుపత్రి దాకా బాడుగ, పోయిన కూలి, వెంట ఉన్నవాళ్ల తిండి, ఇంటికాడ వదిలేసిన గొర్రెలు ఏ పేరు కిందా లెక్కకు రాలేదు. 2005లో 108 వచ్చింది, అదీ మంచిదే. ఫోను చేశాక అది ఎంతసేపటికి వస్తుందనేది మీ మీ ఊళ్లో మీకే తెలుసు.

ఇంగ్లాండు లాంటి చోట్ల లెక్క తిరగబడి ఉంటుంది. అక్కడ అత్యవసర విభాగానికి ఎక్కువగా వచ్చేది పేదల పిల్లలే. అప్పుడూ నింద తల్లిదండ్రులదే, చిన్నదానికీ పరిగెత్తుకొస్తారని! వస్తే ఎందుకొచ్చావు, రాకపోతే ఎందుకు రాలేదు. వేల్స్‌లో బొగ్గుగనుల ఊళ్లో పనిచేసిన ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే రాశాడు: వైద్యం అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే మంచి వైద్యం తక్కువగా దొరుకుతుందని, మార్కెట్‌కు వదిలేసిన కొద్దీ ఇది ముదురుతుందని. కుందుర్పిని చూడకుండానే మన సంగతి రాశాడాయన.

మనం అడిగేవి ఆకాశం మీద లేవు. మండలంలో రాత్రిపూట కూడా డాక్టరు, పాము కాటు విరుగుడు మందు, ఆక్సిజన్. కల్యాణదుర్గంలో ఇరవైనాలుగు గంటలూ పిల్లల డాక్టరు. బిడ్డను తెచ్చినవాళ్లకు బాడుగ, కూలి నష్టం. అవ్వతాతలు తెచ్చినా ఆధార్ అడగకుండా చేర్చుకోవాలని రాతపూర్వక ఉత్తర్వు. పక్కనున్న కర్ణాటక 2024లో పాము కాటు కేసులన్నీ తప్పక నమోదు చేయాలని ఆదేశించింది. అదే పని చేయమని కేంద్రం అన్ని రాష్ట్రాలకూ రాసింది. మన ప్రభుత్వం కూడా ప్రతి కేసునూ, ప్రతి చావునూ నమోదు చేయించాలి, ఇంట్లో పోయిన బిడ్డతో సహా.

సభ్యులు ఈ నెలలోనే సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు లేదు. మూడే ప్రశ్నలు: మీ ఆరోగ్య కేంద్రంలో ఈ రోజు విరుగుడు మందు ఎన్ని సీసాలుంది, గడువు తేదీ ఎప్పుడు, గత ఏడాది ఎన్ని రాత్రులు డాక్టరు డ్యూటీలో ఉన్నాడు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. ఇచ్చినా, ఇవ్వకపోయినా కాగితం పట్టుకుని మండల సమావేశానికి రండి. రాత్రిపూట బిడ్డను ఎత్తుకుని తిరిగిన తల్లుల్నీ, అవ్వల్నీ వెంటబెట్టుకు రండి. ఈసారి మాట్లాడాల్సింది వాళ్లు.