ఇంటి లెక్క ఎవరు వ్రాయుచున్నారు?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పల్లెలలో ఆడపిల్లలు బడి మాని పత్తిచేలకు పోవుటను గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల, పట్టణములందలి పెద్దమనుష్యుల యొద్ద సిద్ధముగా నుండు సమాధాన మొకటి కలదు. "ఏమి చేయుదుము? తలిదండ్రులు అజ్ఞానులు. చదువు విలువ యెఱుగరు. నాలుగు రూపాయలు చేతబడిన చాలునందురు." ఈ మాట ననువారిలో విత్తనముల వర్తకులు కలరు, వకీళ్లు కలరు, ఉపాధ్యాయులు సైతము కలరు. మాట ముగించి, కాఫీ త్రాగి, ఎవరి యిండ్లకు వారు పోవుదురు. ఈ సమాధానమువలన చెప్పువానికి ఖర్చేమియు లేదు గనుక నిది బహుకాలము బ్రతికినది. కాని యిది నిజము కాదు.

ఈ నడుమ రెండవ సమాధాన మొకటి బయలుదేరినది. ఇది చదువరులది. కుటుంబము కూడ నొక చిన్న వ్యాపారశాల వంటిదే. ఎవరు పనికి పోవలెనో, ఎవరు బడికి పోవలెనో, ఎంత దాచవలెనో, ఎందఱు బిడ్డలను గనవలెనో లాభనష్టములు బేరీజు వేసికొనియే నిర్ణయించుకొనునని వీరి వాదము. దీనికి శాస్త్రగౌరవము తెచ్చినవాడు అమెరికాదేశపు అర్థశాస్త్రజ్ఞుడు గ్యారీ బెకరు. చదువును మూలధనముగా లెక్కించు గ్రంథమును 1964లోను, కుటుంబమును గూర్చిన పెద్ద గ్రంథమును 1981లోను ప్రకటించి, 1992లో నోబెలు బహుమానము నందెను. మేమీ శాస్త్రమును తోసివేయము. పేదవానికి బుద్ధి లేదనువానికంటె, పేదవానికి లెక్క వచ్చుననువాడు వేయిరెట్లు మేలు. ఆళ్లగడ్డ పల్లెలలో కూలికి పోవు తల్లికంటె నిక్కచ్చిగా పైసలు లెక్కించువారు నంద్యాల బ్యాంకులలో సైతము దొరకరు. మా తగవు వేఱు. లెక్క వేయునది ఆమెయే. అందలి అంకెలను ఆమె చేతికిచ్చినవా రెవరు? ఈ ప్రశ్న వేయక శాస్త్రము ఇంటి గడపయొద్దనే నిలిచిపోయినది.

సంగతి మొదటినుండి చెప్పవలెను. 1970లో సూరత్తు పరిశోధనాక్షేత్రమున సి.టి. పటేలుగారు సంకరజాతి పత్తిని సిద్ధపఱచిరి. వ్యాపారముగా సాగుకు వచ్చిన సంకరపత్తులలో ప్రపంచమున నిదియే మొదటిది. సంకరవిత్తనమునకొక గుణము కలదు. దాని పంటలోని గింజను దాచి మఱుసటియేడు నాటిన మొదటి దిగుబడి రాదు. కావున ఏటేట క్రొత్తవిత్తనము పుట్టింపవలసినదే. అట్లు పుట్టించుటకు కంపెనీలవా రెన్నుకొన్న సీమలలో మనది ముఖ్యమైనది. నల్లరేగడి కలదు. కె.సి. కాలువ నీరు కలదు. పత్తిసేద్యమున తరతరముల అనుభవము కలదు. నంద్యాలలో వ్యవసాయ పరిశోధన 1906లోనే మొదలైనది. చేతులు కూడ కలవు. ఆ చేతుల సంగతియే యిప్పుడు విచారింపవలసినది.

సీడుపత్తి పని యెట్టిదో పట్టణవాసులలో చాలమంది చూచియుండరు. సాయంకాలమున, మఱునాడు విచ్చబోవు ఆడుచెట్టు మొగ్గను పట్టుకొని, రేకులను, లోపలి పుప్పొడితిత్తులను గోటితో గిల్లి తీసివేయవలెను. నడిమి కీలమునకు దెబ్బ తగులరాదు. తెల్లవాఱిన పిమ్మట మగచెట్టు పూవును కోసి తెచ్చి, దాని పుప్పొడిని ఆ కీలమునకు రాయవలెను. దీనినే మనవారు క్రాసింగు అందురు. ఇట్లు ఒక్కొక్క మొగ్గకును చేయవలెను. పూత యున్నన్ని నాళ్లు, అనగా రమారమి మూడుమాసములు, దినము తప్పరాదు. తప్పిన ఆ మొగ్గ వృథా. మామూలు పత్తికంటె అనేకరెట్లు కూలిదినములు దీనికి పట్టును. సేద్యపు ఖర్చులో సగము వఱకు కూలియే.

ఈ పనికి ఆడపిల్లల సన్నని వ్రేళ్లే తగునని, చెట్టు ఎత్తునకు వారి యెత్తే సరిపోవునని చెప్పుట కలదు. మేమీ మాట విని విని విసిగితిమి. చీర నేయు చేతులకు, మల్లెలు మాలకట్టు చేతులకు, మన ఆళ్లగడ్డలోనే నల్లరాతియందు దేవతావిగ్రహమునకు కనుఱెప్ప దిద్దు శిల్పి చేతులకు లేని నేర్పు తొమ్మిదేండ్ల బాలికకు మాత్రమే పుట్టుకతో వచ్చినదా? ఇచట కావలసినది వ్రేళ్ల సన్నదనము గాదు, కూలి సన్నదనము.

ఇది మా ఊహ గాదు. హైదరాబాదు పరిశోధకులు దావులూరి వెంకటేశ్వర్లుగారు ఈ విషయమున ఏండ్లతరబడి చేలగట్లపై తిరిగి విచారించి, ఆంధ్రదేశపు పత్తివిత్తన క్షేత్రములందలి బాలకార్మికులను గూర్చి 2003లో నొక నివేదిక ప్రకటించిరి. దేశీయ కంపెనీలే గాక విదేశీయ కంపెనీల విత్తనము సైతము ఇట్లే పండుచున్నదని అది లోకమునకు వెల్లడించెను. 2005లో లూసియా డకోర్టా అను పరిశోధకురాలితో గలిసి ఆయన ప్రకటించిన రెండవ నివేదిక పేరు "బాల్యపు వెల" యను నర్థము నిచ్చునది. కంపెనీలు విత్తనము కొను ధరకును, చేలలో పిల్లలను పెట్టుటకును గల సంబంధమే దాని విషయము. కంపెనీ యిచ్చు ధరకు పెద్దలకు న్యాయమైన కూలి యిచ్చి పని చేయించిన రైతునకు మిగులునది లేదనునదే దాని సారాంశము. రైతు పిల్లలను పెట్టుకొనుచున్నాడు, నిజమే. కాని అట్లు మిగిలిన కూలిలో పెద్దవాటా కంపెనీ యింటికి చేరుచున్నది.

ఇక ఇంటిలోనికి పోదము. ఊహకొక కుటుంబమును తీసికొందము. తండ్రి కూలి, తల్లి కూలి, పెద్దది పదకొండేండ్ల బాలిక, చిన్నవా డెనిమిదేండ్లవాడు. విత్తుకాలమున చేత పైస లేదు. సీడురైతు వచ్చి, బిడ్డను క్రాసింగునకు పంపుమని అయిదువేలు అడ్వాన్సిచ్చును; దానికి వడ్డీ లేదు. అదే సొమ్ము వడ్డీవ్యాపారి యొద్ద తెచ్చినచో, నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున ఎనిమిది మాసములకు ఎనిమిదివందలు వడ్డీయగును. అనగా ఆ బాలిక చేతులు కూలి తెచ్చుట మాత్రమే గాదు, ఎనిమిదివందల వడ్డీని కూడ ఆపుచున్నవి. ఈ యెనిమిదివందలు ఏ కూలిపట్టీలోను కనబడవు. పేదవారికి దాచుకొను గుణము లేదని ఉపన్యసించువారు ఈ సంగతి గమనింపవలెను. దాచుటకు బంగారము లేనివాడు, తాకట్టుకు భూమి లేనివాడు, బిడ్డ మూడుమాసముల శ్రమను తాకట్టు పెట్టుచున్నాడు. ఆ యింటికి ఆ పిల్లయే బ్యాంకు.

పిల్లవానిని గాక పిల్లనే పంపుట యేల? ఆడపిల్ల "ఆడ" పిల్లయే గాని "ఈడ" పిల్ల కాదను మాట మన యిండ్లలో నున్నదే. ఆమె చదువు ఫలము అత్తవారింటికి పోవును, కొడుకు చదువు ముసలితనమున తమకు కూడుపెట్టునని తలిదండ్రుల లెక్క. వరకట్నమును మాన్పలేని సంఘము ఈ లెక్కను తప్పుపట్టుటకు తగదు. చదువు సంగతి చూతమన్నను, దాని ఫలము మెట్టుమెట్టునకు చేతికి వచ్చునది కాదు. అయిదవ తరగతితో ఆగినదానికిని, ఏడవ తరగతితో ఆగినదానికిని కూలిలో భేదము లేదు. పది దాటి, ఆపైన చదివినగాని ఉద్యోగపు ముఖము కనబడదు. హైస్కూలు ఊరిలో లేకున్న దారిఖర్చు, భయము తోడగును. మేడపైకి చేరుదుమో లేదో తెలియని నిచ్చెనకు మొదటి మెట్లపైననే సొమ్ము పెట్టుమనిన ఎవడు పెట్టును? మన పట్టణములందలి వర్తకుడు పెట్టునా?

బెకరుగారి శాస్త్రమునకింకొక లోపము కలదు. ఆయన కుటుంబమును ఒక్క మనస్సుగా భావించెను. ఇంటి లెక్కలో తండ్రికి మాట కలదు, తల్లికి కొంత కలదు. చేలో ఎండకు నిలుచు పిల్లకు లేదు.

ఈ సీమకు కంపెనీ యను మాట క్రొత్తది కాదు. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ధారపోసెను. తవర్జీ తగవుతో మొదలై 1846లో తిరుగుబాటుగా మండిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఉరితీసిరి. ఆ కంపెనీ శిస్తును కత్తితో వసూలు చేసినది. నేటి కంపెనీలకు కత్తితో పనిలేదు. ధరను ముందే తాము నిర్ణయించి, నడుమ ఆర్గనైజరను పేరుతో మనవానినే యొకని నిలిపి, అడ్వాన్సు అతనిచేత రైతునకును, రైతుచేత కూలికిని ఇప్పించి, తాము దూరమున నుందురు. చేలో పిల్లలున్నారేమని యడిగినచో, "వారు మా పనివారు కారు, రైతు పనివారు" అని సమాధానము. నరసింహారెడ్డి పేరు చెప్పి సభలు చేయువారు ఉయ్యాలవాడ చుట్టుప్రక్కల చేలగట్లపై నొక దినము నడచిరావలెను.

ప్రభుత్వము ధరలలో జోక్యము చేసికొనజాలదను వాదము చెల్లదు. 2006కు పూర్వము 450 గ్రాముల బీటీ పత్తివిత్తనపు పొట్లము 1,600 మొదలు 1,850 రూపాయల వఱకు పలికెను. అందు 1,250 రూపాయలు జన్యుపరిజ్ఞానమునకై విదేశీయ కంపెనీ పేర వసూలగు రుసుము. రైతులు మొఱపెట్టగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమీషను నాశ్రయించి, అదే యేట పొట్లము వెలను 750 రూపాయలకు దింపెను. 2015లో కేంద్రప్రభుత్వము పత్తివిత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు వెలువరించి దేశమంతటికి గరిష్ఠధర నిర్ణయించు పద్ధతి తెచ్చెను. మంచిదే. అమ్ము ధరకు గరిష్ఠము నిర్ణయింప చేతనైన ప్రభుత్వమునకు, విత్తనము పండించు రైతునకు కంపెనీ యిచ్చు ధరకు కనిష్ఠము నిర్ణయించుట చేతకాదా? పై కప్పు వేసి క్రింద నేల వేయకున్న, కంపెనీ తన లాభపు కోతను ఎవరిపైకి నెట్టునో చెప్పుటకు అర్థశాస్త్రమక్కఱలేదు.

బాలల కూలి మాన్పినచో పేద యిండ్లే పస్తుండునని కొందఱు దయాళువులు వాదింతురు. దీనికి సమాధానము అర్థశాస్త్రముననే కలదు. 1998లో కౌశిక్ బసు, ఫాం హోవాంగ్ వాన్ అను నిరువురు పండితులు వ్రాసిన వ్యాసమున నిట్లు నిరూపించిరి: తలిదండ్రులు గతిలేకనే బిడ్డను పనికి పంపుదురు, బిడ్డలందఱు పనికి పోవుటచేతనే పెద్దల కూలి పడిపోవును, పడిపోయిన కూలియే మరల బిడ్డలను చేనికి తఱుమును. ఒక్క తల్లి తన పిల్లను మాన్పించిన నష్టము ఆమెదే. ఊరు మొత్తము మాన్పించినచో పెద్దల కూలి పెరిగి, ఏ తల్లికిని పిల్లను పంపవలసిన గతి పట్టకపోవచ్చును. ఒక్కొక్క యింటి లెక్క ఒప్పే. ఊరి లెక్క తప్పు. ఊరి లెక్కను ఏ యొక్క యిల్లును దిద్దుకొనజాలదు గనుకనే చట్టము కావలసివచ్చును. 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన రాయలసీమలోనే, అనంతపురము జిల్లా బండ్లపల్లెలో, గ్రామీణ ఉపాధిహామీ పథకము ప్రారంభమైనది. దరిమిలా కూలిరేట్లు పెరిగిపోవుచున్నవని భూకామందులు గగ్గోలు పెట్టిన సంగతి పాఠకులకు తెలియనిది గాదు. పెద్దలకు వేఱొక పని దొరికిన బేరమాడు శక్తి వచ్చునని ఆ గగ్గోలే సాక్ష్యము.

చట్టములు లేవా? కలవు. 1986 నాటి బాలకార్మిక చట్టము కలదు. 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము కలదు. ఐనను 2015లో ప్రకటితమైన నివేదిక ప్రకారము, దేశమందలి పత్తివిత్తన క్షేత్రములలో దాదాపు 5 లక్షలమంది బాలబాలికలు పనిచేయుచుండిరి. అందు సుమారు 2 లక్షలమంది 14 ఏండ్లలోపువారు. మన సీమలో పిల్లల సంఖ్య పూర్వముకంటె తగ్గిన మాట నిజమే. దానికై పాటుపడినవారికి నమస్కారము. కాని తగ్గుచుండగనే పని రూపు మార్చుకొనినది. పెద్ద కమతముల నుండి సీడుసేద్యము చిన్నరైతుల అరయెకర, యెకర చెలకలకు జరిగినది; అచట పనిచేయునది స్వంత బిడ్డయే. 2016లో చట్టమును సవరించినవారు, బడివేళల తరువాత కుటుంబపు పనిలో బిడ్డ తోడ్పడవచ్చునని సందు విడిచిరి. క్రాసింగు పని సాయంకాలము, ఉదయము నడచునని వారెఱుగుదురో యెఱుగరో! ఎఱిగియే చేసిరనుటకు మాకు ఆధారము లేదు. ఎఱిగి చేసినను ఇంతకంటె చక్కగా కుదరదు.

బిడ్డను బడికి పంపు తల్లికి సొమ్మిచ్చు పద్ధతి మన రాష్ట్రమున 2020 జనవరిలో అమ్మఒడిగా మొదలై, 2025 జూనులో తల్లికి వందనము పేర, ఒక్కొక్క బిడ్డకు 15,000 రూపాయలు చూపి అందు 2,000 బడికి మినహాయించి 13,000 చేతికిచ్చు పథకముగా నడచినది. ఇంటి లెక్కలో అంకె మారిన నిర్ణయము మారునని ఒప్పుకొనినందులకు రెండు ప్రభుత్వములను మెచ్చుకొందుము. తలిదండ్రులది అజ్ఞానమే యైనచో ఈ సొమ్ముతో పనియేమి? కాని కంపెనీ ఎగవేసిన కూలిని ఖజానా ఎంతకాలము పూడ్చును?

కావున మేము కోరునది స్పష్టము. నంద్యాల 2022 ఏప్రిలు 4 నుండి జిల్లా కేంద్రము. కర్నూలునకు అర్జీ మోసికొనిపోవలసిన పనిలేదు, కలెక్టరు కచేరి మన వీధిలోనే యున్నది. సీడుపత్తి వేయించు ప్రతి కంపెనీయు విత్తుటకు పూర్వమే రైతుతో తెలుగున ఒప్పందము వ్రాయవలెను. అందు కొనుగోలు ధర పెద్దల కనీసవేతనమును లెక్కగట్టి నిర్ణయింపవలెను. ఆ ధర పంచాయతి గోడపై అంటింపవలెను. పిల్లలు చేలో కనబడిన శిక్ష రైతుతో నాగక, ఆర్గనైజరునకును, ఆ విత్తనముపై ముద్రవేయు కంపెనీకిని తగులవలెను. కూలికుటుంబములకు విత్తుకాలపు అప్పు, పిల్ల పూచీ లేకుండ, పొదుపుసంఘముల ద్వారమున తల్లి పేర దొరకవలెను. అయిదవ తరగతి దాటిన బాలికలకు హాస్టలుతో కూడిన కస్తూర్బా విద్యాలయములలో స్థానములు పెంపవలెను.

ఇక పట్టణవాసులకొక మనవి. పఠనాలయమున ఈ పత్రిక చదువు మీలో ఆర్గనైజర్లు కలరు, వారి బంధువులు కలరు, వారికి అప్పులిచ్చువారు కలరు. రాబోవు విత్తుకాలమునకు ఒప్పందములు మీ యిండ్లలోనే జరుగును. అప్పుడు ధర యెంత వ్రాసిరో, పెద్దల కూలి యెంత కట్టిరో ఆ కాగితముపై చదివి, మఱునాడు ఈ పఠనాలయమునకే తెచ్చి నలుగురి యెదుట చదువుడు.