మారుచున్న మోటారు బండి

2023 ఫిబ్రవరి 11వ తేదీ శనివారమునాడు మన హుసేన్ సాగర తీరమున విద్యుత్ కార్ల పందెము జరిగినది. ఫార్ములా ఇ అను ప్రపంచ పోటీలో అది ఒక ఘట్టము. లుంబినీ పార్కు, కొత్త సచివాలయము, ఎన్.టి.ఆర్. మార్గము చుట్టి వచ్చు 2.83 కిలోమీటర్ల దారి. అందు 18 మలుపులు. ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ ప్రథముడుగ వచ్చెను. చివరి చుట్లలో అతని బండిలో మిగిలిన విద్యుత్తు, వెన్నంటి వచ్చుచున్న నిక్ కాసిడీ బండిలో కన్న తక్కువ. అయినను పొదుపుగ వాడుకొని, దారి వదలక గెలిచెను.

ఆ పందెమును గూర్చిన వాదోపవాదములు నగరమున నేటికిని వినవచ్చుచున్నవి. దినముల తరబడి రోడ్లు మూసి ప్రజలను ఇక్కట్ల పాలు చేసిరని కొందరు, నగరపు పేరు దేశదేశములకు ప్రాకినదని కొందరు. 2024 ఫిబ్రవరి 10న మరల జరుగవలసిన పోటీ రద్దయినట్లు ఆ ఏడు జనవరిలో ప్రకటన వెలువడినది. చెల్లింపుల విషయమై 2024 డిసెంబరులో కేసు కూడ నమోదైనది. అది న్యాయస్థానముల విషయము. దాని జోలికి మేము పోము. రోడ్డును గూర్చి అందరును మాటలాడిరి. బండిని గూర్చి మాటలాడినవారు తక్కువ. మన విద్యార్థుల బ్రతుకుతెరువుతో ముడిపడినది మాత్రము ఆ బండియే.

2014లో ఈ పోటీలు ఆరంభమైనప్పుడు బ్యాటరీ పందెము ముగియువరకు నిలిచెడిది కాదు. నడుమ చోదకుడు బండి దిగి, సిద్ధముగ నున్న మరియొక బండి ఎక్కవలసి వచ్చెడిది. చూచినవారు నవ్వుకొనిరి. నాలుగేండ్లకు రెండవ తరపు బండి వచ్చి, ఒకే బ్యాటరీతో పందెము ముగించినది. మన నగరమునకు వచ్చినది మూడవ తరము. 350 కిలోవాట్ల శక్తి, గంటకు సుమారు 320 కిలోమీటర్ల వేగమునకు తగిన నిర్మాణము. వెనుక చక్రములకు మనమెరిగిన ద్రవపు బ్రేకులే లేవు. మోటారే జనరేటరుగ మారి బండిని నిదానింపజేయుచు, అప్పుడు పుట్టిన విద్యుత్తును బ్యాటరీకి తిరిగి అందించును. పందెములో ఖర్చగు శక్తిలో సుమారు నూటికి 40 పాళ్లు ఇట్లు తిరిగి వచ్చినదే. 2026-27 పోటీలకై రూపొందించిన నాలుగవ తరపు బండి శక్తి 600 కిలోవాట్లు. ఇందొక నిబంధన మనము గమనింపదగినది. బండిని నడుపు ముఖ్య యంత్రభాగములను ఆమోదము పొందిన పిమ్మట రెండేండ్లపాటు మార్చరాదు. లోపలి సాఫ్టువేరును మాత్రము పందెము పందెమునకు దిద్దుకొనవచ్చును. అనగా గెలుపు చాలవరకు బల్లముందు కూర్చున్నవాని చేతిలోనికి పోయినది.

బండి మారినప్పుడు మనుష్యుల గతి ఏమగునో తెలిసికొనుటకు ఆస్ట్రేలియా వైపు చూడవలెను. అచట సామాన్యులు ఇంటికి కొనుక్కొను కార్ల రూపములోనే పందెపు కార్లు పరుగెత్తెడివి. బాథర్స్ట్ కొండదారిపై ఏటేటా జరుగు వేయి కిలోమీటర్ల పందెమునకు హోల్డెన్ అభిమానులు ఒక పక్షము, ఫోర్డు అభిమానులు ఒక పక్షము. తండ్రి పక్షమే కొడుకు పక్షము. ఆ కార్లు ఆ దేశపు కార్మికులే చేసినవి. 2016 అక్టోబరులో ఫోర్డు, 2017 అక్టోబరులో హోల్డెన్ అచట కార్ల తయారీ మానుకొన్నవి. 2020లో హోల్డెన్ పేరునే తీసివేయ నిశ్చయించిరి. 2023లో అచటను మూడవ తరపు పందెపు బండి అనియే క్రొత్తది వచ్చినది: అందరికిని ఒకే తీరు చట్రము, పైన ముస్టాంగ్ తొడుగో, కమారో తొడుగో. తరువాత ఆ కమారో తయారీ కూడ ఆగిపోయినది. 2026లో జపానువారి టొయోటా సుప్రా వచ్చి చేరినది. పందెము నిలిచినది, జనము వచ్చుచునే యున్నారు. ఆ కార్లను బిగించిన చేతులకు మాత్రము ఆ పని లేదు. వేడుక నిలుచుట వేరు, వృత్తి నిలుచుట వేరని మేము అనుట ఇందుకే.

మన నగరమున జరిగినది దీనికి తలక్రిందులు. వేడుక పోయినది, పని ఉన్నది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిన నాటికి మాదాపురపు బండరాళ్ల నడుమ మోటారు కార్ల పని జరుగునని ఎవరును ఊహించి యుండరు. నేడు నానక్‌రామ్‌గూడలో జర్మనీ దేశపు జెడ్.ఎఫ్. సంస్థ సాంకేతిక కేంద్రము కలదు. మహీంద్రావారి పందెపు బండి చోదకయంత్రమునకై 2020లో వారితో చేయి కలిపినది ఆ సంస్థయే. హ్యుందాయ్ వారి ఇంజనీరింగు కేంద్రము ఈ నగరముననే యున్నది. సాగరతీరమున గెలిచిన బండి డి.ఎస్. పేరిటిది, అది స్టెల్లాంటిస్ కుటుంబములోనిది, ఆ కుటుంబమునకును ఇచట సాఫ్టువేరు కేంద్రము కలదు. ఇచటివారే ఆ బండిని గెలిపించిరని మేము అనుట లేదు. లోకములోని కార్ల ఆలోచన కొంత ఈ దారిలోనే సాగుచున్నదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక పుత్లీబౌలి, రాణిగంజ్ వీధుల సంగతి. మన విద్యార్థులలో అనేకుల తండ్రులు, మేనమామలు ఆ విడిభాగముల దుకాణములను, వాటిని నమ్ముకొన్న మెకానిక్ షెడ్లను ఆధారము చేసికొని బ్రతుకుచున్నవారు. 1980లలో జహీరాబాదున ఆల్విన్ నిస్సాన్ పేరిట చిన్న లారీలు తయారైనప్పుడు ఆ జపాను ఇంజను మన ఉస్తాదులకు క్రొత్తది. విప్పిరి, చూచిరి, బిగించిరి, అట్లే నేర్చికొనిరి. పక్కన పానా అందించు షాగిర్దు తానును నేర్చుకొనెను. విద్యుత్ బండి అట్లు లొంగునది కాదు. అందు పిస్టను లేదు, కార్బురేటరు లేదు, సైలెన్సరు లేదు, ఇంజను ఆయిలు లేదు. మిగిలినవి టైర్లు, సస్పెన్షను, డెంటింగు, పెయింటింగు వంటివి. లోపము ఎక్కడనో తెలిసికొనవలెనన్న కంప్యూటరు తగిలింపవలెను. పైగా ప్రాణభయము: విద్యుత్ ఆటోలలో 48 వోల్టులు సామాన్యము కాగా, కార్ల బ్యాటరీలలో మూడు నాలుగు వందల వోల్టులు ఉండును. తెలియక చేయి పెట్టిన షాగిర్దు ఏమగునో చెప్ప నక్కరలేదు.

ఇది దూరపు సంగతి కాదు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము విద్యుత్ వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగ మినహాయించినది. ఆ బండ్లు ఎట్లును మరమ్మతుకు వచ్చును. అవి ఉస్తాదు షెడ్డుకు వచ్చునా, కంపెనీ షోరూముకే పోవునా అనునది ప్రశ్న.

మన విద్యార్థి ఒకడు హైటెక్ సిటీ అద్దాల మేడలో కారుకు ప్రోగ్రాము వ్రాయుచుండును. అతని మేనమామ షెడ్డులో ఆ కారు బానెట్టు ఎత్తి చూచుటకు జంకుచుండును. ఈ ఇద్దరును ఒకే ఇంట భోజనము చేయువారు! ఒకని విద్య మరియొకనికి అందకుండుటకు గోడ ఎక్కడ నున్నది? కొంత భాషలో నున్నదని మా అభిప్రాయము. బ్యాటరీ జాగ్రత్తలను గూర్చి షెడ్డులో పనిచేయువాడు చదివి తెలిసికొనదగిన చిన్న పుస్తకము తెలుగున గాని ఉర్దూలో గాని మా కంటబడలేదు. ఇంగ్లీషు మాన్యువలును అతడు తెరువడు. ఇంజనీరు అతని మాట ఎరుగడు.

కావున కమిటీ పెద్దలకు మా మనవి. రాబోవు ఏట మరియొక కంప్యూటరు గదికి సొమ్ము కేటాయింపవలెనను ఆలోచన ఉన్నట్లు వినుచున్నాము. అందు కొంత తగ్గించి, వెనుకనున్న పాత సైకిళ్ల షెడ్డులో ఒక వాడిన విద్యుత్ ఆటోను, కొలత పరికరములను, రబ్బరు చేతొడుగులను సమకూర్చవలెను. ఆటో చాలును, కారు వద్దు, మొదట 48 వోల్టుల వద్దనే చేయి కుదురవలెను. పాలిటెక్నిక్ అధ్యాపకుని ఒకరిని, ఇరువదేండ్ల అనుభవముగల ఉస్తాదులను ఇద్దరిని గౌరవవేతనముపై పిలువవలెను. ఉస్తాదు నేర్చుకొనుటకే కాదు, నేర్పుటకును రావలెను. బేరింగు అరుగుదలను చప్పుడును బట్టి చెప్పగల చెవి మన విద్యార్థులకు లేదు. ఆసక్తి ముదిరినచో కోయంబత్తూరులో విద్యార్థులు తామే చేసిన కార్లతో పోటీపడు ఫార్ములా భారత్ కలదు. అందు విద్యుత్ బండ్లకును తావున్నది. ఇది దుబారా అనువారికి మా ప్రశ్న ఒక్కటే: కంప్యూటరు గదులు ప్రతి కళాశాలయందును ఉన్నవి, ఇట్టి షెడ్డు ఎన్నింటియందు ఉన్నది?

విద్యార్థులకును ఒక పని కలదు. ఈ సెలవులలో మీ ఇంటి ప్రక్క షెడ్డుకు పోయి, అచట ప్రతి భాగమును ఏ పేరుతో పిలుచుచున్నారో వ్రాసికొని రండు. ఆ మాటలతోనే చేతిపుస్తకము కూర్చవలెను. నిఘంటువు వెదకి తయారుచేసిన మాటలు షెడ్డులో నిలువవు. తెలుగు భాగము మేము వ్రాసి యిత్తుము. ఉర్దూ శాఖవారితో మాటలాడితిమి, వారును సమ్మతించిరి. షెడ్డును ఖాళీ చేయించుట కమిటీవారి వంతు.