చివరి పేజీ దాకా రానివాళ్ల మాట

"మీకు అందిన సేవ ఎలా ఉంది?" ఆన్‌లైన్‌లో ఏ పని పూర్తిచేసినా చివర్లో ఈ ప్రశ్న, దాని కింద ఐదు నక్షత్రాలు కనిపిస్తాయి. మనలో చాలామందిమి చదవకుండానే ఐదూ నొక్కేసి బయటపడతాం. అడగడం మంచిదే. మా నాన్నల కాలంలో కౌంటరు దగ్గర ఈ మాట అడిగినవాళ్లు లేరు. కానీ ఎవరిని అడుగుతున్నారన్నదే మా సందేహం.

పోయిన ఏడాది మా హాస్టల్ తమ్ముళ్లిద్దరు ఒకే రోజు గాజువాకలో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టబోయారు. ఒకడి కాగితాలన్నీ సరిపోయాయి. పావుగంటలో పనైపోయి నక్షత్రాల పేజీ వచ్చింది. రెండోవాడి ఇంటిపేరులో ఆధార్‌కీ, పదో తరగతి మార్కుల జాబితాకీ ఒక్క అక్షరం తేడా. దరఖాస్తు మధ్యలోనే ఆగింది. పోర్టులో కళాసీగా పనిచేసే వాళ్ల నాన్న కూలి మానుకుని వస్తే, అరిగిపోయిన వేళ్లు మిషను మీద పడలేదు. మేమూ వెంట తిరిగాం. నాలుగోసారి, గడువు రెండు రోజులుందనగా పని అయింది. ఆ తిరుగుడు గురించి వాణ్ణి అడిగినవాళ్లు లేరు. చివర్లో అభిప్రాయం కోరుతూ వచ్చిన ఎస్సెమ్మెస్ కూడా నెట్ సెంటర్ అన్నకే వెళ్లింది. వాడి ఫోన్‌లో రీచార్జి లేక, ఇచ్చింది ఆయన నంబరే మరి.

మెస్సులో తిని చేయి కడుక్కున్నవాళ్లనే "కూర ఎలా ఉంది?" అని అడిగితే, అన్నం అయిపోయి వరసలోంచి వెనుదిరిగినవాడి ఆకలి ఎవరికి తెలుస్తుంది?

2001లో హైదరాబాదులో ఈ-సేవ, 2011లో మీసేవ, 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర వచ్చాయి. ప్రభుత్వ సేవలు మనకు దగ్గరయ్యాయి, కాదనం. కేంద్రం వారి రాపిడ్ అసెస్‌మెంట్ సిస్టమ్ సేవ అందుకున్నవారికి ఎస్సెమ్మెస్ పంపి అభిప్రాయం అడుగుతుంది. మరి అందుకోలేనివారి మాటేమిటి? ఆగిన దరఖాస్తుల లెక్క కంప్యూటర్‌లో ఉంటుంది కదా అనవచ్చు. ఎంతమంది ఆగారో అది చెబుతుంది. ఎందుకు ఆగారో ఆగినవాడే చెప్పాలి.

అందుకే మేము కోరేవి మూడు. దరఖాస్తు ఆగిన చోటే "ఎక్కడ ఇబ్బంది?" అని అడగాలి. చదువు రాని అమ్మానాన్నలు కూడా తెలుగులో నోటితో చెప్పే వీలుండాలి. విన్నాక ఏం మార్చారో తిరిగి చెప్పాలి.

మిత్రులారా, మన ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మనమే. ఆ ఫారాలు నింపేదీ, ఆ నక్షత్రాలు నొక్కేదీ మనమే. ఇకనుంచి తొందరపడి ఐదూ నొక్కకుండా, జరిగింది రెండు ముక్కలు రాద్దాం. మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసం ఈ వార్షికోత్సవం నాటి నుంచి హాస్టల్లో ఒక నోటుబుక్కు పెడుతున్నాం. ఆఫీసుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు, అన్నలూ అక్కలూ, వచ్చినప్పుడు దాన్ని ఒక్కసారి తిరగేయాలని మా మనవి. మీరు తయారుచేసే చివరి పేజీ దాకా రాలేకపోయినవాళ్లు అందులో ఉంటారు.