ఇరవై నిమిషాలు

దీపావళి వేడుకకు ముందు జరిగిన మా తెలుగు సంఘం కార్యవర్గ సమావేశానికి ముగ్గురు పిల్లలు వచ్చారు. ఇద్దరు అమెరికాలోనే పుట్టినవాళ్ళు. మూడో అమ్మాయి మాస్టర్స్ చదవడానికి వరంగల్ నుంచి వచ్చింది. గాజా గురించి, సూడాన్ గురించి మాట్లాడటానికి వేదిక మీద ఇరవై నిమిషాలు, విరాళాల డబ్బా పెట్టుకోవడానికి హాలు గుమ్మం దగ్గర ఒక బల్ల అడిగారు. మేం గంటసేపు చర్చించి కుదరదన్నాం. స్పాన్సర్ల ప్రసంగాలకు మాత్రం నలభై నిమిషాలు దొరికాయి. వద్దన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. "ముందు మన పిల్లల వీసాలు చూసుకోవాలి కదా" అన్న మాట నాదే.

ఆ భయం ఉత్తిది కాదు. 2024 ఏప్రిల్ 17న కొలంబియా విశ్వవిద్యాలయం పచ్చికలో విద్యార్థులు గాజా కోసం నిరసనగా డేరాలు వేశారు. ఆ వసంతం ముగిసేలోగా దేశమంతటా క్యాంపస్‌లలో 3,000 మందికి పైగా అరెస్టయ్యారు. మరుసటి ఏడు మార్చిలో విదేశాంగ మంత్రి మార్కో రూబియో 300కు పైగా వీసాలు రద్దుచేశామని చెప్పారు. వెంటనే వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే ఇక్కడ చదువుకునే హోదాను చూపే ప్రభుత్వ రికార్డులు, రద్దయ్యాయి. ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 కేసుల్లో దాదాపు సగం భారతీయులవే. వాళ్ళలో చాలామంది ఏ ధర్నాలోనూ కూర్చోలేదు. ఎప్పుడో ట్రాఫిక్ టికెట్ పడ్డవాళ్ళూ ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఏప్రిల్ 25న ప్రభుత్వం ఆ రికార్డులను తిరిగి తెరవడం మొదలుపెట్టింది. అంటే నోరు మూసుకున్నవాళ్ళకీ తిప్పలు తప్పలేదు. అయినా మేం "మనకెందుకు" అనే అన్నాం.

సమావేశం ముగిసి కుర్చీలు సర్దుతుంటే వరంగల్ అమ్మాయి నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది: "సార్, మీది ఏటూరునాగారం కదా. గుత్తికోయలు మీకు తెల్వదా?"

తెలుసు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైంది. ఒకపక్క జుడుం, పోలీసులు, ఇంకోపక్క మావోయిస్టులు. నడుమ ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పిల్లల్ని చంకనేసుకుని, వంటగిన్నెలు నెత్తినపెట్టుకుని అడవిదారుల్లో గోదావరి దాటి వచ్చిన ఆదివాసీలే ఈ గుత్తికోయలు. మా ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. వాగులో చెలిమె తోడుకుని ఆ నీళ్ళే తాగారు. మా మిర్చి చేన్లలో కాయ ఏరడానికి వచ్చారు. ఆ ఏడాది కూలీలు చవగ్గా దొరికారని సంబరపడ్డ ఇళ్ళలో మా ఇల్లూ ఒకటి. నేనప్పుడు వరంగల్‌లో చదువుకుంటున్నాను. మా హాస్టల్ పిల్లలు కొందరు పాత బట్టలు, బియ్యం పోగుచేసి ఆదివారం బస్సెక్కి ఆ గూడేలకు వెళ్తుంటే, నన్నూ రమ్మన్నారు. మా ఊరే కాబట్టి దారి చూపిస్తానని వాళ్ళ ఆశ. జీఆర్ఈ పరీక్ష ఉందని చెప్పి గదిలోనే ఉండిపోయాను.

గుత్తికోయలు దేశం దాటలేదు, రాష్ట్రం దాటారు. అంతమాత్రానికే వాళ్ళ కాగితం చెల్లకుండా పోయింది. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి. అక్కడ షెడ్యూల్డ్ తెగవాళ్ళైన మనుషులు ఇక్కడికొచ్చేసరికి 'వలస ఆదివాసీలు' అయ్యారు. సర్టిఫికెట్ లేదు కాబట్టి పోడు పట్టా లేదు. పట్టా లేని గుడిసె అటవీశాఖ లెక్కలో ఆక్రమణ. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అలాగే గుడిసెలు కూల్చారు. వీసాకు ఆధారమైన ఐ-20 కాగితం మీద ఒక్క తేదీ తప్పు పడితే నెల్లాళ్ళు నిద్రపోని మనకు కాగితం విలువ ఒకరు చెప్పాలా?

వాళ్ళతో గొడవలేమీ లేవని చెప్పను. అడవి నరుకుతున్నారని స్థానిక కోయలకే కోపముంది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ప్లాంటేషన్ దగ్గర గుత్తికోయలతో తగాదాలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ ప్రాణం పోయింది. అది ఘోరం. దాని తర్వాత గుత్తికోయలందర్నీ తరిమేయాలన్న మాట బయల్దేరింది. అది న్యాయం కాదు. సరిగ్గా ఆ ఏడాదే ములుగు ఎమ్మెల్యే సీతక్క ఉస్మానియాలో పీహెచ్‌డీ పట్టా అందుకున్నారు. ఆమె పరిశోధన చేసింది ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల గుత్తికోయల మీదే.

ఇక గాజా. 2025 ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరువు ఉందని ఆహార భద్రతను అంచనావేసే అంతర్జాతీయ సంస్థ ఐపీసీ ప్రకటించింది. కరువు అనగానే మనకు నెర్రెలిచ్చిన చెరువు కళ్ళముందు కదులుతుంది. అక్కడ ఆగింది వాన కాదు, తిండి లారీలు. సూడాన్‌లో యుద్ధం వల్ల ఇల్లు వదిలినవాళ్ళు కోటి దాటారు. మా సమావేశంలో సూడాన్ ఎక్కడుందో చెప్పగలిగింది ఆ ముగ్గురే.

మనం చదువుకోవడానికొచ్చాం, రాజకీయాలు మనవి కావని కార్యవర్గంలో ఒక పెద్దాయన అన్నారు. 1912లో దరిశి చెంచయ్య అనే తెలుగు యువకుడు కూడా అమెరికాకు చదువుకోవడానికే వచ్చాడు. బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ పార్టీలో చేరి, చివరికి బ్రిటిష్ జైళ్ళలో ఏళ్ళు గడిపాడు. 'నేనూ నా దేశం' ఆయన ఆత్మకథ. మన సావనీర్లలో శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు ఫోటో ఏటా వేస్తాం, వేయాల్సిందే. చెంచయ్య ఫోటో ఇంతవరకు వేయలేదు. ఈ సంచికలో వేస్తున్నాం.

గాజా విషయంలో ఎవరి రాజకీయ అభిప్రాయం వాళ్ళకుంటుంది. ఆకలిగొన్న పిల్లలకు డబ్బు పంపడానికి అభిప్రాయాలన్నీ కలవక్కర్లేదు. అయితే వీసా మీదున్న పిల్లల్ని ముందు నిలబెట్టి మనం వెనక నిలబడటం మాత్రం తప్పు. అమెరికా పాస్‌పోర్టు జేబులో ఉన్నవాళ్ళం ఈ సంఘంలో వందలమందిమి ఉన్నాం. మాట్లాడితే మనకు పోయేది మహా అయితే ఒకరిద్దరు స్పాన్సర్లు.

నా ఓటు మార్చుకున్నాను, కార్యవర్గమూ మార్చుకుంది. ఉగాది వేడుకలో ఆ పిల్లలు అడిగిన ఇరవై నిమిషాలూ కేటాయించాం. గుమ్మం దగ్గర రెండు డబ్బాలుంటాయి: ఒకటి గాజా, సూడాన్ పిల్లల కోసం యూనిసెఫ్‌కు, రెండోది ఏటూరునాగారం అడవుల్లోని గుత్తికోయ గూడేల పిల్లల పలకాపుస్తకాలకు. వీసా మీదున్న విద్యార్థులెవరూ బల్ల దగ్గర కూర్చోరు, వాళ్ళ పేర్లు ఎక్కడా రాయం. మొదటి గంట నేను కూర్చుంటాను. తర్వాతి గంటలకు ఇంకో ఇద్దరు పౌరులు కావాలి.