తాళం తీయండి... ట్యూటరైపోండి!

కంప్యూటర్ తెరమీద ఓ గది. తలుపుకి నాలుగంకెల తాళం. బల్లమీద ఓ విద్యార్థి జవాబుపత్రం, పక్కనే రెండు మెయిళ్లు. గడియారం నలభై నిమిషాల నుంచి వెనక్కి పరిగెడుతోంది. ముగ్గురు సీనియర్ విద్యార్థులు తలలు పట్టుకుని కూర్చుంటారు. చూసేవాళ్లకి వీడియోగేమ్ ఆడుతున్నట్టే ఉంటుంది. నిజానికది శిక్షణ తరగతి!

పై తరగతుల వాళ్లే జూనియర్లని చదివించే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. జర్మనీలో ఆ తరగతిని 'ట్యుటోరియం' అంటారు. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ క్యాంపస్‌లో 1973లో డియానా మార్టిన్ ఇలాంటి పద్ధతినే మొదలుపెట్టారు. కఠినమైన కోర్సుని అప్పటికే గట్టెక్కిన విద్యార్థి, కొత్తవాళ్లని కూర్చోబెట్టి చదివిస్తాడన్నమాట. చిక్కేమిటంటే, అతనికి సబ్జెక్టు మరీ బాగా వచ్చు! జూనియర్ లెక్క మధ్యలో ఆగగానే కలం లాక్కుని తనే చేసేస్తాడు. జూనియర్ అర్థమైనట్టు తలూపుతాడు. పరీక్షలో సరిగ్గా అక్కడే మళ్లీ ఆగుతాడు.

జవాబు చెప్పేయకూడదని ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ చెయ్యి ఆగదు. అందుకే ఈ ఆట. జవాబుపత్రంలో తప్పు ఏ వరుసలో మొదలైందో కనిపెడితే ఆ వరుస సంఖ్యే తాళంలో ఒక అంకె. నాలుగు ప్రశ్నల్లో జూనియర్‌ని ఆలోచింపజేసేది ఏదో తేలిస్తే మరో అంకె. దిగులుగా మెయిల్ రాసిన కుర్రాణ్ని ఎవరి దగ్గరికి పంపాలి? తనే ఓదారుస్తానని కూర్చుంటే తలుపు తెరుచుకోదు... కౌన్సెలర్ గది నంబరు వెతకాల్సిందే.

అసలు పరీక్ష నాలుగో మనిషికి. జవాబులన్నీ అతని చేతిలోనే ఉంటాయి. మిత్రులు అడిగితే మాత్రం చిన్న సూచన ఇవ్వాలి, అంతే. కళ్లెదుట వాళ్లు అవస్థ పడుతుంటే నోరు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసొస్తుంది పాపం!

ఇలా తప్పించుకునే ఆటలు పుట్టింది కూడా తెరమీదే. 2004లో జపాన్‌కి చెందిన తోషిమిత్సు తకాగి 'క్రిమ్సన్ రూమ్' అనే ఇంటర్నెట్ ఆట తయారుచేశాడు. 2007లో తకావో కాటో క్యోటోలో అలాంటిదే మనుషులతో ఆడించాడు. 2020లో కొవిడ్ వాటిని మళ్లీ తెరమీదికి తెచ్చింది. ఆ ఏడాది పెన్సిల్వేనియాలోని పీటర్స్ టౌన్‌షిప్ గ్రంథాలయం ఉత్త గూగుల్ ఫారంతోనే హ్యారీపోటర్ ఆట తయారుచేసి పెట్టింది. పెద్ద ఖర్చేమీ అక్కర్లేదన్నమాట.

అలాగని తలుపు తెరుచుకోగానే చప్పట్లు కొట్టి ఇళ్లకి వెళ్లిపోతే అది ఉత్త కాలక్షేపం. చురుకైనవాడొక్కడే మీటలన్నీ నొక్కేసి, మిగతావాళ్లు చూస్తూ కూర్చునే ప్రమాదమూ ఉంది. ఆట అయ్యాక ఏ సూచన పనిచేసింది, ఏది జవాబునే చెప్పేసిందని అందరూ మాట్లాడుకోవాలి. ఆ అరగంటే కీలకం. పైగా తాళానికి జవాబు ఒక్కటే. ఒకే వరుస దగ్గర ఆగిన ఇద్దరు జూనియర్లకి మాత్రం రెండు వేర్వేరు సూచనలు కావాల్సి రావచ్చు. అది ఏ గదిలోనూ దొరకదు. అందుకే మొదటి వారం నిజం తరగతిలో, అనుభవమున్న ట్యూటర్ ఒకరు వెనక బెంచీలో కూర్చుంటే మేలు.