150 అంటే 150 కాదు, గాలిని బట్టి మారుతుంది!

2024 ఆగస్టులో అమెరికాలోని కొలరాడోలో బీఎండబ్ల్యూ చాంపియన్‌షిప్ జరిగింది. వేదిక కాసిల్ పైన్స్ గోల్ఫ్ క్లబ్. స్కోర్‌కార్డు మీద కోర్సు పొడవు 8,130 గజాలు. పీజీఏ టూర్ చరిత్రలో అంతకుముందు అంత పొడుగు కోర్సు లేదు. ‘బాబోయ్, నడవడానికే ఓపిక ఉండాలి’ అనిపిస్తోందా? నిర్వాహకులేమీ ఆటగాళ్ల మీద కక్ష కట్టలేదు. ఆ చోటు సముద్రమట్టానికి 6,000 అడుగుల పైన ఉంది. అక్కడ గాలి పల్చన. బంతి మామూలు కంటే ఎక్కువ దూరం పోతుంది. కాబట్టి కోర్సునూ సాగదీశారు. అంతే!

మనకు క్రికెట్‌లో ఈ సంగతి తెలిసిందే. ధర్మశాలలోనో, జొహానెస్‌బర్గ్‌లోనో మ్యాచ్ జరిగితే కామెంటేటర్లు ‘ఇక్కడ బంతి బాగా ట్రావెల్ చేస్తుంది’ అంటుంటారు. క్రికెట్‌లో ఆ నాలుగు గజాలు అటూ ఇటూ అయినా సిక్సర్ సిక్సరే. గోల్ఫ్‌లో కుదరదు. జెండా 150 గజాల్లో ఉంటే బంతి 150 దగ్గరే దిగాలి. 160కి పోతే వెనక ఇసుక గుంట, 140కే పడిపోతే ముందు చెరువు.

అందుకే గోల్ఫ్ వాచ్‌లు ఇప్పుడు రెండు అంకెలు చూపిస్తున్నాయి. ఒకటి అసలు దూరం. రెండోది ‘ప్లేస్ లైక్’, అంటే ఆ షాట్‌ని ఎంత దూరం అనుకుని కొట్టాలో చెప్పే అంకె. డెన్వర్‌లో జెండా 150 గజాల్లో ఉంటే, కింద 141 అని కనిపించవచ్చు. ఈ 9 గజాలు ఎక్కడికి పోయాయి? వాచ్ ఏ లెక్క వేసింది? దాన్ని ఎంతవరకు నమ్మాలి? ఈ వారం ముచ్చట అదే.

ఎత్తుల్లో రెండు రకాలు

ముందుగా ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. గోల్ఫ్‌లో ‘ఎత్తు’ అంటే రెండు వేర్వేరు విషయాలు.

మొదటిది వాలు. మీరు కింద నిలబడి, జెండా మిట్ట మీద ఉంటే షాట్ బరువవుతుంది. జెండా పల్లంలో ఉంటే తేలికవుతుంది. గోల్ఫర్లు నోటికి చెప్పుకునే లెక్క: మూడడుగుల ఎత్తు తేడాకి ఒక గజం. వాచ్‌లో కోర్సుల మ్యాపులు ముందే ఉంటాయి. జీపీఎస్‌తో మీరెక్కడున్నారో పట్టుకుని, మీ కాళ్ల కింద నేల ఎత్తుకీ, గ్రీన్ ఎత్తుకీ తేడా తీస్తుంది. ఇది చాలా ఏళ్లుగా ఉన్న ఫీచరే.

రెండోది ఊరి ఎత్తు. నేల బల్లపరుపుగా ఉన్నా సరే, ఆ ఊరు సముద్రమట్టానికి ఎంత పైన ఉందన్నది. ఇక్కడే గాలి కథలోకి వస్తుంది. 2023లో వచ్చిన గార్మిన్ అప్రోచ్ ఎస్70 లాంటి వాచ్‌లు బారోమీటర్ పెట్టుకుని, వాతావరణాన్ని కూడా ఈ లెక్కలో కలపడం మొదలుపెట్టాయి.

గాలి విలనా, ఫ్రెండా?

‘గాలి తక్కువుంటే అడ్డం తక్కువ, బంతి ఎక్కువ దూరం పోతుంది’ అని చెప్పేస్తే సగం నిజమే చెప్పినట్టు. మిగతా సగమే అసలు మజా.

మెక్సికో సిటీలో చాపుల్తెపెక్ అనే కోర్సు ఉంది. 2017 నుంచి 2020 వరకు అక్కడ వరల్డ్ గోల్ఫ్ చాంపియన్‌షిప్ ఆడారు. ఎత్తు దాదాపు 2,350 మీటర్లు. ఆ ఎత్తులో గాలి పీడనం 760 హెక్టోపాస్కల్ దగ్గర ఉంటుంది. 20 డిగ్రీల ఎండలో లెక్కేస్తే ఘనపు మీటరు గాలి బరువు 0.9 కిలోలు. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల్లో అదే 1.225 కిలోలు. అంటే పావు వంతు గాలి మాయం. మరి బంతి కూడా పావు వంతు ఎక్కువ దూరం పోవాలి కదా? పోదు. పది శాతం అటూ ఇటుగా ఆగిపోతుంది.

ఎందుకంటే గాలి బంతిని ఆపడమే కాదు, మోస్తుంది కూడా. క్లబ్ తగలగానే బంతి వెనక్కి గిర్రున తిరుగుతూ లేస్తుంది. ఆ తిరగడం వల్ల, బంతి మీదున్న గుంటల వల్ల గాలి కిందికి మళ్లి, బంతిని పైకి నెడుతుంది. దీన్నే మాగ్నస్ ఎఫెక్ట్ అంటారు.

ఈ మోత ఎంత పెద్దదో ఒక లెక్కతో చూద్దాం. ట్రాక్‌మ్యాన్ ఇదివరకు ఇచ్చిన పీజీఏ టూర్ సగటుల్లో డ్రైవర్‌తో కొట్టిన బంతి గంటకు 167 మైళ్ల వేగంతో, 10.9 డిగ్రీల కోణంలో బయలుదేరి 275 గజాలు గాల్లో వెళ్తుంది. ఇప్పుడు గాలి మొత్తం తీసేయండి. ఇంటర్‌లో నేర్చుకున్న ప్రొజెక్టైల్ ఫార్ములా పెట్టండి. వచ్చేది 230 గజాలు! గాలి లేకపోతే బంతి ఇంకా ముందే పడిపోతోంది. అంత తక్కువ కోణంలో బయలుదేరిన బంతిని అంతసేపు పైన ఉంచేది గాలే.

కాబట్టి కొండ మీద గాలి పల్చబడితే అడ్డమూ తగ్గుతుంది, మోతా తగ్గుతుంది. ఒకటి లాభం, ఒకటి నష్టం. లాభం కొంచెం ఎక్కువ కాబట్టి చివరికి బంతి కొంత దూరం మిగుల్చుకుంటుంది. నెమ్మదిగా కొట్టేవాళ్లకు ఈ లాభం ఇంకా తక్కువ. వాళ్ల బంతికి మొదట్నుంచీ మోతే ముఖ్యం. ఇంకో సంగతి: ఎత్తులో బంతి వాలుగా, పరుగులాంటి కోణంలో దిగుతుంది. గ్రీన్ మీద పడి ఆగకుండా జారిపోతుంది. ‘ఎంత దూరం’ అనేది వాచ్ చెబుతుంది కానీ, ‘పడ్డాక ఏమవుతుంది’ అనేది మీరే చూసుకోవాలి.

దీనికి టైటిలిస్ట్ కంపెనీ చెప్పే ఒక చిట్కా ఉంది. ఊరి ఎత్తుని అడుగుల్లో తీసుకుని 0.00116తో గుణించండి. వచ్చినంత శాతం బంతి ఎక్కువ పోతుంది. డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు. అంటే 6 శాతం. సముద్రతీరంలో 150 పోయే షాట్ అక్కడ 159 పోతుంది. 150లో ఉన్న జెండాకి 141 అనుకుని కొట్టాలి. పైన మాయమైన 9 గజాలు ఇవే.

ఎండ, చెమట, ఎదురుగాలి

వేడి గాలి తేలిక. ఉష్ణోగ్రత 10 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో ఐదున్నర డిగ్రీలు పెరిగితే క్లబ్‌ని బట్టి ఒకటి రెండు గజాలు కలిసొస్తాయి. చలిలో బంతి కూడా బిగుసుకుపోయి సరిగా ఎగరదు. ‘అయితే బంతిని హీటర్ దగ్గర పెడతా’ అనకండి. కావాలని వేడి చేసిన బంతితో ఆడటం గోల్ఫ్ రూల్స్‌కి విరుద్ధం.

తేమ విషయంలో చాలామంది రివర్స్‌లో అనుకుంటారు. ఉక్కపోతలో గాలి ‘బరువుగా’ అనిపిస్తుంది కదా. నిజానికి తేమ గాలి తేలిక. నీటి అణువు బరువు 18 అయితే, పొడి గాలి సగటు 29. బరువైనవాటి చోట్లో తేలికవి వచ్చి కూర్చుంటాయి. విశాఖలో 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం గాలి, అదే వేడిలో పొడి గాలి కంటే ఒక శాతం పైచిలుకు తేలిక. 150 గజాల షాట్‌లో దీని వాటా గజం కూడా ఉండదు. వాచ్ పెట్టె మీద ‘తేమ’ అని గొప్పగా రాసినా, దానికి పెద్దగా మురిసిపోనక్కర్లేదు.

అసలు పెద్ద మనిషి ఎదురుగాలి. గోల్ఫర్ల నోటి లెక్క ప్రకారం గంటకు ఒక మైలు ఎదురుగాలికి ఒక శాతం నష్టం, అదే వెనక నుంచి వీస్తే అర శాతమే లాభం. గంటకు 10 మైళ్ల ఎదురుగాలి 150 గజాల షాట్‌లో 15 గజాలు తినేస్తుంది. డెన్వర్ ఎత్తు ఇచ్చిన దానికంటే ఎక్కువ! అయితే వాచ్‌కి గాలి వేగం ఎలా తెలుస్తుంది? ఫోన్ ద్వారా వచ్చే వెదర్ డేటా నుంచి. వెదర్ స్టేషన్లు గాలిని కొలిచేది మామూలుగా 10 మీటర్ల ఎత్తులో, ఎక్కడో ఖాళీ మైదానంలో. మీరున్నది చెట్ల మధ్య. ఈ అంకెని సలహాగా తీసుకోండి, ఆజ్ఞగా వద్దు.

కోడ్ రాసేవాళ్ల కంట్లో పడే తిరకాసు

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పాయింట్. హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో వెదర్ యాప్ తీయండి. పీడనం 1,010 హెక్టోపాస్కల్ అని అటూ ఇటుగా చూపిస్తుంది. విశాఖలో ఫ్రెండ్‌కి ఫోన్ చేసి అడగండి. వాళ్లకీ దాదాపు అంతే. ఎలా? హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది కదా!

యాప్ చూపించేది సముద్రమట్టానికి సరిచేసిన పీడనం. ఊళ్ల మధ్య వాతావరణాన్ని పోల్చడానికి అలా చేస్తారు. హైదరాబాద్‌లో నిజంగా మీ ముక్కు ముందున్న పీడనం 950 దగ్గర ఉంటుంది. గోల్ఫ్ బంతికి కావాల్సింది ఆ రెండోది. ఏ ప్రోగ్రామరైనా వెదర్ ఏపీఐ నుంచి వచ్చిన అంకెని అలాగే సాంద్రత ఫార్ములాలో పెట్టేస్తే, హైదరాబాద్‌లో ఆరు శాతం తప్పు. మెక్సికో సిటీలో అయితే దాదాపు మూడో వంతు తప్పు. కోడ్ ఎర్రర్ ఇవ్వదు, క్రాష్ అవ్వదు. అంకె చక్కగా వస్తుంది, తప్పుగా వస్తుంది. ఇలాంటి బగ్స్‌తోనే అసలు ప్రమాదం.

వాచ్‌లో బారోమీటర్ ఉంటే ఈ బాధ తప్పుతుంది. అది ఉన్నచోటే నిజమైన పీడనాన్ని కొలుస్తుంది. పీడనం, ఉష్ణోగ్రత తెలిస్తే గాలి సాంద్రతకు అసలు ఊరి ఎత్తు తెలియాల్సిన పనే లేదు. కానీ ఉష్ణోగ్రత? వాచ్ మీ చేతికి అంటుకుని ఉంటుంది. దాని సెన్సర్‌కి తెలిసేది గాలి వేడితో కలిసిన మీ ఒంటి వేడి. అందుకే ఆ అంకెని ఫోన్ నుంచి తెచ్చుకోవడమే మేలు. ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్తే లెక్కలో ఒక కాలు విరిగినట్టే.

‘మామూలు’ అంటే ఎక్కడిది?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదీ. ‘నా సెవెన్ ఐరన్ 150 పోతుంది’ అని మీరు అంటున్నారు. ఎక్కడ కొలిచారు?

డెన్వర్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే ఆట నేర్చుకున్న మనోళ్లు ఎవరైనా ఉన్నారనుకోండి. వాళ్ల 150లో ఆ ఊరి పల్చని గాలి ముందే కలిసి ఉంది. వాచ్ మాత్రం సముద్రమట్టాన్ని ‘మామూలు’ అనుకుని ఇంకో 9 గజాలు తీసేస్తే, ఒకే తగ్గింపు రెండుసార్లు పడినట్టు. బంతి జెండాకి 9 గజాల ముందే పడుతుంది. వాచ్‌లో వాతావరణం సెట్టింగ్స్ తెరిచి, అది దేనితో పోల్చి లెక్క వేస్తోందో చూడాలి. ‘హోమ్’ ఎత్తు, ఉష్ణోగ్రత పెట్టుకునే వీలుంటే మీరు దూరాలు కొలుచుకున్న చోటివే పెట్టాలి. లేదంటే సొంత కోర్సులో ఆ ఫీచర్ ఆఫ్ చేసి, వేరే ఊరు వెళ్లినప్పుడే ఆన్ చేయాలి.

పోటీలో అయితే జాగ్రత్త

సరదా ఆటలో ఏ అంకె అయినా చూసుకోండి. పోటీలో రూల్ 4.3 ఉంది. 2019 నుంచి దూరం కొలిచే పరికరాలు మామూలుగా అనుమతే, నిర్వాహకులు ప్రత్యేకంగా వద్దంటే తప్ప. 2021లో కియావా ఐలాండ్‌లో జరిగిన పీజీఏ చాంపియన్‌షిప్‌లో కూడా ప్రోలు వాడారు. వెదర్ ఫోర్‌కాస్ట్ చూసుకోవచ్చు. కానీ వాలు కొలవడం, ‘ఈ క్లబ్ తీయి’ అని పరికరం చేత చెప్పించుకోవడం కుదరదు. మొదటిసారి తప్పు చేస్తే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల పెనాల్టీ. రెండోసారి అయితే ఇంటికే. ఫీచర్ వాచ్‌లో ఉండటం తప్పు కాదు, వాడటం తప్పు. అందుకే మొదటి టీ దగ్గరే టోర్నమెంట్ మోడ్ ఆన్ చేసేయండి.

ఈ రూల్ ఎందుకో ఆలోచిస్తే న్యాయమే అనిపిస్తుంది. దూరం అనేది సమాచారం. ఎండనీ, గాలినీ, వాలునీ కలిపి ఏం చేయాలో తేల్చుకోవడం ఆట. ఆ రెండో పనిని వాచ్‌కి అప్పగిస్తే మీతో పోటీ పడేది పక్క ఆటగాడు కాదు, పక్క ఆటగాడి వాచ్.

ఇంతకీ మీకు అవసరమా?

విశాఖలో ఆడేవాళ్లు హైదరాబాద్ వచ్చారనుకుందాం. చిట్కా ప్రకారం తేడా 2 శాతం. 150లో 3 గజాలు. పక్కపక్క క్లబ్‌ల మధ్య తేడానే పది గజాల పైన ఉంటుంది. అదే గుల్‌మార్గ్ వెళ్తే? అక్కడ ఎత్తు 2,600 మీటర్లకు పైనే. చిట్కా పది శాతం అంటుంది. 150లో 15 గజాలు. ఒక క్లబ్ మార్చాల్సిందే, ఒక్కోసారి రెండు కూడా.

కాబట్టి ప్రాక్టీస్ రేంజ్‌లో ఒకే క్లబ్‌తో పది బంతులు కొట్టండి. అన్నిటికంటే దూరం పోయినదానికీ, దగ్గర పడినదానికీ మధ్య ఎన్ని గజాలున్నాయో చూడండి. 20 ఉంటే, వాచ్ చెప్పే 3 గజాల సవరణ ఆ 20లో కలిసిపోతుంది. ఆ వాచ్ డబ్బులు ముందు కోచ్‌కి ఇవ్వండి. 8 గజాల్లోపే ఉంటే మాత్రం, బాస్, వాచ్ చెప్పింది వినండి. మీకు పనికొస్తుంది.